‘డౌన్‌సైజు’ అను క్రియయు దాని తెనుగు పర్యాయములును

హైదరాబాదునకు పడమట మాదాపూరున సైబర్ టవర్సు అను భవనమును 1998 నవంబరు 22వ తేదీన నాటి ప్రధానమంత్రి అటల్ బిహారీ వాజపేయిగారు ప్రారంభించిరి. హైటెక్ సిటీకి అదియే తొలి కట్టడము. పిదప గచ్చిబౌలి మొదలగు తావులకు వ్యాపించిన కంప్యూటరు సంస్థలతోబాటు వాని కచేరీభాషయు నచ్చట పాదుకొన్నది. అందలి ‘డౌన్‌సైజు’ అను క్రియ విచారింపదగియున్నది.

‘డౌను’ అనగా క్రిందికి, ‘సైజు’ అనగా పరిమాణము. ఈ సమాసక్రియ ప్రాచీనము కాదు. 1973లో చమురుకరవు సంభవించిన పిమ్మట అమెరికాలో మోటారుకార్ల పొడవును బరువును తగ్గింపవలసివచ్చినపుడు ఇది వాడుకకెక్కెను. జనరల్ మోటార్సువారి 1977 నాటి పెద్దకార్లు ఇట్లు కురుచయైనవే. అప్పుడు క్రియకు కర్మము బండి. తరువాతి దశకమున సంస్థ కర్మమయ్యెను. తుదకు ఉద్యోగియే కర్మమయ్యెను. కురుచ చేసిన బండి బండిగానే యుండును. ఉద్యోగియో, కురుచగాక వీథిని నిలుచును.

దీనికి ‘తగ్గించు’ అనునది సరియైన తెనుగని తోచవచ్చును. ధర, జ్వరము, ఖర్చు కర్మములైనచో బాధ లేదు. మనుష్యుడు కర్మమైనచో అర్థము వేరగును. ‘వానిని నలుగురిలో తగ్గించిరి’ అన్నచో వాని గౌరవమును తగ్గించిరనియే తెనుగువాడు గ్రహించును. అందుచేత ‘ఉద్యోగులను తగ్గించిరి’ అనుటకంటె ‘ఉద్యోగుల సంఖ్యను తగ్గించిరి’ అనుట మనకు సాధువు. ఆంగ్లమునను ఈ జంకు లేకపోలేదు. 2023 జనవరిలో గూగులువారు 12,000 సంఖ్యను ప్రకటించినపుడు మనుష్యులను గాక ‘రోల్సు’ను, అనగా కొలువులను లెక్కించిరి.

తెలుగు పత్రికలు ‘కోత’, ‘ఉద్వాసన’ అను మాటలను చేపట్టినవి. కోత పంటకును, జీతమునకును, విద్యుత్తునకును చెల్లును. ఉద్వాసన యన్ననో పూజాంతమున, ఆవాహన చేసిన దేవతను స్వస్థానమునకు సాగనంపు ఉపచారము. పిలిచినవారే పంపుదురన్న పోలిక యిందు చక్కగా కుదిరినది. ‘ఉద్యోగులకు ఉద్వాసన’ అనునపుడు ఉద్యోగి ద్వితీయావిభక్తి నొందక ‘కు’ ప్రత్యయమును పొందుటయు గమనింపవలయును.

న్యాయశాస్త్రమున ఈ పదభేదము ద్రవ్యభేదమును అగుచున్నది. 1947 నాటి పారిశ్రామిక వివాదముల చట్టమునకు 1953లో చేర్చిన నిర్వచనములలో ‘లే ఆఫ్’ అనగా తాత్కాలికముగా పని యీయలేకపోవుట, కొలువు నిలిచియుండును. కొలువును తీసివేయుట ‘రిట్రెంచిమెంటు’. దానికి గురియైన పనివానికి నిండిన ప్రతియేటికి 15 దినముల సగటు వేతనము చెల్లింపవలయునని విధించిరి. 2020 నాటి పారిశ్రామిక సంబంధముల స్మృతియు ఈ భేదమును విడువలేదు. సైబరాబాదున మాత్రము అమెరికావాడుక ననుసరించి తీసివేతనే ‘లే ఆఫ్’ అందురు. స్వచ్ఛందముగా విరమించుకొన్నవానిని చట్టము ‘రిట్రెంచిమెంటు’ నుండి మినహాయించినది. కాగా, పొమ్మనబడినవాడు తానే వ్రాసియిచ్చు పత్రమునకు పారసీకమునుండి మనకు వచ్చిన పేరు ‘రాజీనామా’. అందు ‘రాజీ’ యనగా సమ్మతి, ‘నామా’ యనగా లేఖ.