కళాశాలల్లో క్రైస్తవ సహవాసం: ఆక్స్‌ఫర్డ్ గదుల నుంచి తెలుగు హాస్టళ్ల దాకా

కాలేజీలో చదువుకునే క్రైస్తవ విద్యార్థులు వారానికో సాయంత్రం ఒకచోట చేరి పాటలు పాడుకుని, బైబిలు చదువుకుని, ఒకరి కోసం ఒకరు ప్రార్థన చేసుకునే ఆచారానికి దాదాపు మూడు వందల ఏళ్ల చరిత్ర ఉంది. ఆ చరిత్రలో పాదిరీల పాత్ర తక్కువ, విద్యార్థుల పాత్ర ఎక్కువ. కూడికకు గది వెతికేదీ, పాట ఎత్తుకునేదీ, వాక్యం చెప్పేదీ చాలా చోట్ల వాళ్లే. డిగ్రీ చేతికి రాగానే వాళ్లు ఊరు వదిలి వెళ్లిపోతారు. తర్వాతి బ్యాచి అందుకుంటే పని సాగుతుంది, అందుకోకపోతే ఆ ఏడాదితోనే ఆగిపోతుంది. ఈ ఉద్యమం బలమూ, బలహీనతా రెండూ అక్కడే ఉన్నాయి.

బాగా తెలిసిన తొలి ఉదాహరణ ఆక్స్‌ఫర్డ్‌ది. 1729లో చార్లెస్ వెస్లీ, మరికొందరు స్నేహితులు కలిసి చదువుకోవడం, ప్రార్థించుకోవడం మొదలుపెట్టారు. కొద్ది నెలల్లో అతని అన్న జాన్ వెస్లీ వచ్చి ఆ చిన్న బృందానికి పెద్దయ్యాడు. గ్రీకు కొత్త నిబంధన చదివేవాళ్లు. బుధ, శుక్రవారాల్లో ఉపవాసం ఉండేవాళ్లు. విలియం మోర్గన్ అనే సభ్యుడి ప్రోద్బలంతో కోటలోని జైలుకు వెళ్లి ఖైదీలను పలకరించేవాళ్లు. ఇంత క్రమం తోటి విద్యార్థులకు వింతగా తోచి, హోలీ క్లబ్ అనీ మెథడిస్టులనీ వెక్కిరించారు. ఆ వెక్కిరింతే తర్వాత ఒక పెద్ద క్రైస్తవ శాఖకు పేరైంది. 1735లో వెస్లీ సోదరులు అమెరికాలోని జార్జియాకు ఓడ ఎక్కడంతో ఆక్స్‌ఫర్డ్‌లో ఆ బృందం చెదిరిపోయింది.

కేంబ్రిడ్జిలో కథ వేరుగా నడిచింది. అక్కడ ఒకే మనిషి యాభై నాలుగేళ్లు కదలకుండా ఉన్నాడు. చార్లెస్ సిమియన్ 1782 నుంచి 1836లో చనిపోయేదాకా హోలీ ట్రినిటీ చర్చి గురువు, కింగ్స్ కాలేజీ ఫెలో. తొలి ఏళ్లలో ఆ చర్చి సభ్యులే అతని బోధ గిట్టక తమ బల్లల తలుపులకు తాళాలు వేసుకుని పోయేవాళ్లు. వినవచ్చినవాళ్లు నడవలో నిలబడి వినేవాళ్లు. కాలం గడిచేకొద్దీ విద్యార్థులు అతని చుట్టూ చేరారు. శుక్రవారం సాయంత్రం ఆరింటికి కింగ్స్ కాలేజీలోని అతని గదుల తలుపులు అందరికీ తెరిచి ఉండేవి. నౌకర్లు టీ అందిస్తుంటే విద్యార్థులు బెంచీల మీద ఇరుకుగా కూర్చునేవాళ్లు. ఎవరికి ఏ సందేహం ఉంటే అది అడగవచ్చు. ప్రసంగం ఉండదు, ప్రశ్నలే. అతను వాడిన నల్లటి టీపాట్‌ను హోలీ ట్రినిటీలో ఇప్పటికీ భద్రంగా దాచి ఉంచారు. ఆ గదులకు వచ్చేవాళ్లను సిమ్స్ అని ఎగతాళి చేసేవాళ్లు.

సిమియన్ ప్రభావంలో పెరిగినవాడే హెన్రీ మార్టిన్. 1801లో గణితంలో విశ్వవిద్యాలయానికే ప్రథముడుగా వచ్చి, 1806లో కలకత్తా చేరి, కొత్త నిబంధనను ఉర్దూలోకీ పారశీకంలోకీ తెచ్చాడు. సిమియన్ బతికి ఉన్న రోజుల్లోనే కేంబ్రిడ్జి సిడ్నీ సస్సెక్స్ కాలేజీలో చదివిన రాబర్ట్ నోబుల్ 1841లో మచిలీపట్నం వచ్చాడు. తోడుగా వచ్చిన హెన్రీ ఫాక్స్ ఆక్స్‌ఫర్డ్ విద్యార్థి. నోబుల్ 1843లో తెరిచిన బడే నోబుల్ కళాశాలగా ఎదిగింది. 1852లో ఆ బడి విద్యార్థులు ఇద్దరు బాప్తిస్మం పొందడంతో ఊరంతా అట్టుడికింది, తల్లిదండ్రులు పిల్లల్ని మాన్పించారు. చదువుకున్న కుర్రవాడి విశ్వాసం ఒక ఇంటికి, ఒక కులానికి ఎంత పెద్ద ప్రశ్న అవుతుందో తెలుగు నేల అప్పుడే చూసింది. తర్వాతి కాలపు కళాశాల సహవాసాలన్నీ ఆ ప్రశ్నను ఏదో ఒక రూపంలో ఎదుర్కొన్నవే.

సిమియన్ పోయాక కేంబ్రిడ్జి విద్యార్థులు చెదిరిపోలేదు. 1827లోనే జీసస్ లేన్‌లో పేదపిల్లలకు ఆదివారపు బడి పెట్టుకున్నారు. 1862లో రోజువారీ ప్రార్థన కూడిక మొదలైంది. టర్ము నడిచినన్నాళ్లూ ప్రతిరోజూ కొద్దిసేపు ఒకచోట చేరడం, ఒకరిద్దరు పైకి ప్రార్థించడం, తిరిగి క్లాసులకు వెళ్లడం, అంతే. 1877 మార్చిలో కాలేజీకొకటిగా ఉన్న బృందాలన్నీ కలిసి కేంబ్రిడ్జి అంతర్ కళాశాల క్రైస్తవ సమాఖ్యగా ఏర్పడ్డాయి. పొడి అక్షరాల్లో కిక్యు అని పిలిచే ఈ సంఘం నేటికీ నడుస్తోంది. అధ్యక్షుడు విద్యార్థే, కార్యవర్గమూ విద్యార్థులదే. ఇప్పుడు ప్రపంచమంతా ఉన్న కళాశాల సహవాసాల అచ్చు అక్కడే పోతపోసుకుంది.

1882 నవంబరులో ఈ విద్యార్థులు చేసిన సాహసం చెప్పుకోదగ్గది. అమెరికా సువార్తికుడు డి.ఎల్. మూడీని పిలిచారు. ఆయన చెప్పుల దుకాణంలో పనిచేసినవాడు, కాలేజీ మెట్లెక్కనివాడు, ఉచ్చారణ మోటు. కార్న్ ఎక్స్ఛేంజి భవనంలో తొలిరాత్రి దాదాపు 1700 మంది విద్యార్థులు గుమిగూడారు. వాళ్లలో చాలామంది వచ్చింది గోల చేయడానికే. మూడీ వెంట వచ్చిన గాయకుడు శాంకీ పాట పాడితే నాటకంలోలాగా వన్స్‌మోర్ అని అరిచారు. ప్రార్థన చేస్తే చప్పట్లు కొట్టారు. ఆ గోలకు ముందు నిలిచిన జెరాల్డ్ లాండర్ అనే ట్రినిటీ విద్యార్థి మర్నాడు మూడీ బసకు వెళ్లి క్షమాపణ అడిగాడు. వారం ముగిసేసరికి ఊరి గాలి మారింది. లాండర్ తర్వాత హాంకాంగ్‌లో బిషప్పు అయ్యాడు. 1885 ఫిబ్రవరిలో కేంబ్రిడ్జి సప్తకం పేరుతో చైనాకు మిషనరీలుగా బయలుదేరిన ఏడుగురిలో సి.టి. స్టడ్ ఉన్నాడు. 1882లో ఆస్ట్రేలియాతో ఓడిన ప్రసిద్ధమైన టెస్టు మ్యాచిలో ఇంగ్లండు తరఫున ఆడిన క్రికెటర్ అతను. పేరుప్రతిష్ఠలున్న క్రీడాకారుడు అంత దూరం వెళ్తున్నాడన్న వార్త బ్రిటన్ కాలేజీలన్నిటినీ కదిపింది.

సముద్రం అవతల అమెరికాలోనూ ఇదే వేడి ఉంది. 1806లో మసాచుసెట్స్‌లోని విలియమ్స్ కాలేజీ విద్యార్థులు ఐదుగురు వానకు గడ్డివామి చాటున చేరి చేసిన ప్రార్థన నుంచే అక్కడి విదేశీ మిషన్ సంఘం పుట్టిందని ఆ ఉద్యమం చెప్పుకుంటుంది. 1886 వేసవిలో మౌంట్ హెర్మన్‌లో 251 మంది విద్యార్థులు సమావేశమయ్యారు. వాళ్లలో కదలిక తెచ్చిన రాబర్ట్ వైల్డర్ మన కొల్హాపూర్‌లో పుట్టిన మిషనరీ బిడ్డ. సభ ముగిసేసరికి నూరుగురు విదేశాలకు వెళ్తామని సంతకం చేశారు. 1888లో విద్యార్థి వాలంటీర్ ఉద్యమం ఏర్పడింది. కొన్ని దశాబ్దాల్లో ఇరవై వేలకు పైగా యువతీ యువకులు ఆ దారిన దేశాంతరం వెళ్లారు. కార్నెల్‌లో చదివిన జాన్ మాట్ 1895లో స్వీడన్‌లోని వాడ్‌స్టెనా కోటలో ప్రపంచ విద్యార్థి క్రైస్తవ సమాఖ్యకు పునాది వేసి, ఆ వెంటనే భారతదేశంలో కాలేజీలు తిరిగాడు. ఆయనకు 1946లో నోబెల్ శాంతి బహుమతి వచ్చింది.

ఈ గాలి తెలుగునాట బలంగా తగిలింది వి.ఎస్. అజరయ్య ద్వారా. ఆయన తిన్నెవెల్లి తమిళుడు, మద్రాసు క్రిస్టియన్ కాలేజీ విద్యార్థి. తర్వాత వై.ఎం.సి.ఎ. కార్యదర్శిగా కుర్రవాళ్ల మధ్య తిరిగాడు. 1905 క్రిస్మస్ రోజున శ్రీరాంపూర్‌లో విలియం కేరీ గ్రంథాలయంలో నేషనల్ మిషనరీ సొసైటీని స్థాపించినవాళ్లలో ఒకడు. భారతీయుల చేతులతో, భారతీయుల డబ్బుతో సువార్త పని జరగాలన్నది దాని పట్టుదల. 1909లో ఆయన నిజాం రాజ్యంలోని దోర్నకల్‌కు వచ్చి, తెలుగు నేర్చుకుని, పల్లెల్లో కాపురం పెట్టాడు. 1910లో ఎడింబరో మహాసభలో తెల్ల మిషనరీల ఎదుటే, మాకు కావలసింది మీ త్యాగాలు కాదు మీ స్నేహం అన్న అర్థంలో మాట్లాడాడు. కొందరికి కోపం వచ్చింది. 1912లో ఆంగ్లికన్ సంఘంలో తొలి భారతీయ బిషప్పు అయ్యాడు. విద్యార్థి ఉద్యమం ఈ దేశానికి ఇచ్చిన మనుషుల్లో ఆయనకు సాటి తక్కువ. తోటి విద్యార్థుల మధ్య నేర్చుకున్న సమానత్వాన్ని దొరల ముందూ వదలకపోవడం వల్లే ఆ మాట అనగలిగాడు.

అదే 1912లో భారత విద్యార్థి క్రైస్తవ ఉద్యమం రూపం దిద్దుకుంది. కానీ బ్రిటన్‌లో అప్పటికే చీలిక వచ్చింది. బైబిలు విమర్శ, సమాజ సంస్కరణ వైపు మొగ్గిన అక్కడి పెద్ద విద్యార్థి క్రైస్తవ ఉద్యమం నుంచి కేంబ్రిడ్జి సమాఖ్య 1910లో విడిపోయింది. 1919లో మళ్లీ కలుపుదామని ట్రినిటీ కాలేజీలో చర్చ జరిగింది. క్రీస్తు రక్తం వల్ల కలిగే ప్రాయశ్చిత్తం మీ బోధకు కేంద్రమేనా అని కేంబ్రిడ్జివాళ్లు అడిగారు. ఒప్పుకుంటాం గాని కేంద్రం అనలేమని అవతలివాళ్లు చెప్పారు. అక్కడితో మాటలు ఆగిపోయాయి. ఆ పట్టుదల లేకపోతే సువార్త సహవాసాలు మిగిలేవి కావు, అది నిజం. పేదరికం, కులం, యుద్ధం గురించి క్రైస్తవ విద్యార్థి ఏం చేయాలన్న ప్రశ్న చాలా ఏళ్లు అవతలి పక్షానికే మిగిలిపోయిందన్నదీ అంతే నిజం. భారతదేశంలో ఎం.ఎం. థామస్ వంటి ఆలోచనాపరులు ఆ అవతలి పక్షంలో ఎదిగినవాళ్లే.

విడిపోయినవాళ్లు 1928లో ఇంటర్ వర్సిటీ ఫెలోషిప్‌గా ఏర్పడ్డారు. అదే ఏడాది హోవర్డ్ గిన్నిస్ అనే వైద్య పట్టభద్రుణ్ణి కెనడాకు పంపారు. దారి ఖర్చుల కోసం కొందరు విద్యార్థులు తమ ఆట సామాన్లు కూడా అమ్మారు. 1947 ఆగస్టులో హార్వర్డ్‌లో పది దేశాల ఉద్యమాలు కలిసి అంతర్జాతీయ సువార్త విద్యార్థి సహవాసంగా ఏర్పడ్డాయి. ఆ పదింటిలో చైనా ఉంది, భారతదేశం లేదు. మన దేశంలో 1954లో యూనియన్ ఆఫ్ ఇవాంజెలికల్ స్టూడెంట్స్ ఆఫ్ ఇండియా (యు.ఇ.ఎస్.ఐ.) పుట్టింది. అమెరికా నుంచి వచ్చిన నార్టన్ స్టెరెట్ విద్యార్థులకు బైబిలును క్రమపద్ధతిలో చదవడం నేర్పాడు. పి.టి. చండపిళ్ల ప్రధాన కార్యదర్శిగా దాన్ని భారతీయ సంస్థగా నిలబెట్టాడు.

తెలుగు రాష్ట్రాల ఇంజనీరింగ్, మెడికల్, డిగ్రీ కాలేజీల్లో ఇ.యు. (ఇవాంజెలికల్ యూనియన్) అంటే విద్యార్థులకు ఈ సంఘమే. కూడిక తీరు దాదాపు అన్నిచోట్లా ఒకటే. కొన్ని పాటలు, ఒకరి సాక్ష్యం, తర్వాత బైబిలు పఠనం. వచనంలో ఏముందో ముందు చూడాలి, దాని భావం ఏమిటో ఆలోచించాలి, అది తన బతుకులో ఎక్కడ తగులుతుందో చివర చెప్పాలి. ఆ తర్వాత ఇద్దరిద్దరుగా ప్రార్థన: పరీక్షలు, ఇంట్లో అప్పు, చెల్లెలి పెళ్లి. పల్లె నుంచి వచ్చి ఇంగ్లీషు క్లాసుల్లో నోరు మెదపలేని విద్యార్థి మొదటిసారి నలుగురి ముందు నిలబడి మాట్లాడేది తరచుగా ఇక్కడే. సహవాసం చేసిన మేళ్లలో దీన్ని ముందు చెప్పాలి. లూథరన్, బాప్టిస్టు, పెంతెకొస్తు, సి.ఎస్.ఐ. ఇళ్ల పిల్లలు ఒకే చాప మీద కూర్చోవడం రెండోది. ఊళ్లో వాళ్ల చర్చీలు అలా కూర్చున్న సందర్భాలు తక్కువ.

చదువు ముగిసినవాళ్ల కోసం ఇ.జి.ఎఫ్. అనే పట్టభద్రుల సహవాసం ఉంది. ఆక్స్‌ఫర్డ్‌లో వెస్లీల బృందం చెదిరిపోయినట్టు కాకుండా పని కొనసాగడానికి ఇదే ఆధారం. ఉద్యోగాల్లో స్థిరపడ్డవాళ్లు తమ పాత కాలేజీల విద్యార్థులను భోజనానికి పిలుస్తారు, క్యాంపులకు డబ్బు కడతారు. కాలేజీల మధ్య తిరిగే స్టాఫ్ వర్కర్ల జీతాలు ప్రధానంగా ఆ పట్టభద్రులు నెలనెలా ఇచ్చే కానుకల నుంచే వస్తున్నాయి.