ఇంటర్‌ల్యూకిన్: తెలుపుతో చుట్టరికం

నారాయణగూడ, చిక్కడపల్లి రోడ్ల మీద డయాగ్నొస్టిక్ సెంటర్లకు కొదవ లేదు. అక్కడ చేతికిచ్చే రక్తపరీక్ష కాగితంలో తెల్లకణాలను 'ల్యూకోసైట్లు' అంటారు. గ్రీకులో 'ల్యూకోస్' అంటే తెలుపు.

1847లో జర్మన్ వైద్యుడు రుడాల్ఫ్ విర్షో దానికి 'హైమా', అంటే రక్తం, చేర్చి, రక్తంలో తెల్లకణాలు విపరీతంగా పెరిగే జబ్బును ల్యూకేమియా అన్నాడు. అంతకు రెండేళ్ల ముందు ఆయన ఆ జబ్బును 'తెల్లరక్తం' అనే రాశాడు. మన వాడుకలో మాత్రం ఏ రకమైనా బ్లడ్ క్యాన్సరే. ఏళ్ల తరబడి నింపాదిగా సాగేదాన్నీ, వారాల్లో ముదిరేదాన్నీ ఒకే గాటన కట్టేస్తాం. ఇంట్లోవాళ్ల భయంలో సగం అక్కడే పుడుతుంది.

అదే తెలుపు 'ఇంటర్‌ల్యూకిన్'లోనూ ఉంది. తెల్లకణాల మధ్య కబురు మోసే ప్రొటీన్లను ఒక్కో ప్రయోగశాల ఒక్కో పేరుతో పిలుస్తుంటే, 1979లో స్విట్జర్లాండ్‌లోని ఎర్మటింగెన్‌ సదస్సులో ఈ పేరు ఖాయం చేశారు. నిజానికి పేరు ఇరుకైంది. రక్తనాళాల లోపలి పొర కణాలూ వీటిని తయారుచేస్తాయి.

ఈ ప్రొటీన్లకు ల్యూకేమియాతోనూ సంబంధం ఉంది. నింపాదిగా సాగే రకాల్లో ఒకటైన దీర్ఘకాలిక లింఫోసైటిక్ ల్యూకేమియాలో ఇంటర్‌ల్యూకిన్-6, 10 స్థాయి రక్తంలో ఎక్కువున్నవారికి జబ్బు మొండిగా ఉండొచ్చని అధ్యయనాలు చూపాయి.

జోధ్‌పూర్‌లో పుట్టిన కాంతి రాయ్ 1975లో అమెరికాలో ఈ జబ్బుకు దశలు నిర్ణయించారు. జబ్బు ఎలా సాగుతుందో అంచనా వేసే ఇప్పటి సూచీలో దశ, వయసుతోపాటు బీటా-2 మైక్రోగ్లోబ్యులిన్ అనే ప్రొటీన్ స్థాయి, టీపీ53, ఐజీహెచ్‌వీ జన్యువుల స్థితి చూస్తారు. ఇంటర్‌ల్యూకిన్లకు అందులో చోటు లేదు.