నోరు తెరిచిన సముద్ర భూతం

హాఫ్‌గూఫా అనే సముద్ర జీవి వర్ణన నార్వేలో 13వ శతాబ్దం నడుమ, హాకాన్ హాకాన్సన్ ఏలుబడిలో పుట్టిన ‘కోనుంగ్స్ స్కుగ్‌స్యా’ అనే పుస్తకంలో ఉంది. ఒక తండ్రి కొడుక్కి లోకజ్ఞానం చెబుతుంటాడు. వ్యాపారం, కొలువు మర్యాదలతో పాటు ఐస్‌లాండ్ చుట్టూ తిరిగే తిమింగలాల సంగతీ వస్తుంది. హాఫ్‌గూఫాను ఆయన ఆ తిమింగలాల వరసలోనే చెప్పాడు.

ఇంతకీ అది చేసే పనేమిటి? ఆకలేస్తే గట్టిగా త్రేన్చి, తిన్నదాంట్లో కొంత బయటికి కక్కుతుంది. ఆ ఎరకి చేపలు మూగుతాయి. అది నోరు బార్లా తెరుచుకుని కదలకుండా ఉంటుంది. చేపలు ఒకదాన్నొకటి తోసుకుంటూ లోపలికి పోతాయి. నిండగానే నోరు మూసేస్తుంది. ఓడను పట్టి ముంచడం ఈ వర్ణనలో లేదు. ఇలాంటివి లోకంలో రెండే ఉన్నాయనీ, పిల్లల్ని పెట్టవనీ చెప్పడం మాత్రం తండ్రిగారి ఊహే.

భయం తర్వాత వచ్చి చేరింది. 1752-53లో బెర్గెన్ బిషప్ ఎరిక్ పోంటొప్పిడాన్ నార్వే ప్రకృతి చరిత్ర రాస్తూ క్రాకెన్ అనే సముద్ర భూతం వీపు చుట్టుకొలత మైలున్నర దాకా ఉంటుందన్నాడు. హాఫ్‌గూఫా, క్రాకెన్ ఒకటేనన్న మాట పాతుకుపోయింది. 1857లో డెన్మార్క్ శాస్త్రవేత్త యాపెటస్ స్టీన్‌స్ట్రప్ రాకాసి స్క్విడ్‌కు ఆర్కిట్యూథిస్ అని పేరు పెట్టాక, క్రాకెన్ కథకు మూలం అదేనని చాలామంది తేల్చేసుకున్నారు. హాఫ్‌గూఫా కూడా ఆ ఖాతాలోకే పోయింది. స్క్విడ్ నోరు తెరుచుకుని నీటిపైన ఎక్కడ కూర్చుంటుందని ఎవరూ అడిగినట్టు లేదు. నన్నడిగితే, ఈ భూతాన్ని పెంచింది నావికులు కాదు, ఒడ్డున కూర్చుని ఒక పుస్తకాన్ని ఇంకో పుస్తకంలో కలిపినవాళ్లు.

2011లో కెనడాలోని వాంకోవర్ దీవి దగ్గర రెండు హంప్‌బ్యాక్ తిమింగలాలు ఓ కొత్త పద్ధతిలో మేత మేస్తూ కనిపించాయి. దవడ తెరిచి, నీటి మట్టాన అలాగే ఆగిపోయాయి. పైనుంచి పక్షులు తరుముతుంటే హెర్రింగ్ పిల్లలు ఆ నోటిని ఆశ్రయమనుకుని దూరాయి. తర్వాత మరికొన్ని తిమింగలాలూ ఇదే పని మొదలుపెట్టాయి. థాయిలాండ్ సింధుశాఖలో బ్రైడ్ తిమింగలాలు తల నిలువుగా పైకెత్తి, నోరు తెరిచి నిలబడతాయి. అంచు మీదుగా నీళ్లతో పాటు చిన్న చేపలు జారి పడతాయి. ఈ సంగతి 2017లో పరిశోధన వ్యాసంగా వచ్చింది. అడుగున ఆక్సిజన్ తక్కువై చేపలు పైకి చేరడం అందుకు కారణమై ఉండొచ్చని అందులో ఊహించారు.

ఆస్ట్రేలియాలోని ఫ్లిండర్స్ విశ్వవిద్యాలయానికి చెందిన సముద్ర పురావస్తు పరిశోధకుడు జాన్ మెకార్తీ, ఆయన సహచరులు 2023లో ఈ రెండు కాలాల వర్ణనలనూ పక్కపక్కన పెట్టారు. వాళ్ల వాదన ఇంకా వెనక్కి పోతుంది. సుమారు 2వ శతాబ్దంలో అలెగ్జాండ్రియాలో గ్రీకులో రాశారంటున్న ‘ఫిజియోలోగస్’లో ఆస్పిడోఖెలోన్ అనే జీవి ఉంది. దాని నోటి సువాసనకు చిన్న చేపలు వస్తాయట. దీవి అనుకుని దాని వీపు మీద నిప్పు రాజేసిన నావికుల కథ కూడా అందులోదే. సింద్‌బాద్ మొదటి యాత్రలో మనం చదివింది దాని తోబుట్టువునే. సువాసన మాట అటుంచితే, తిమింగలాలు మేసేచోట వాసన రావడం నిజం. ప్లవకాలను జీవులు తినేటప్పుడు కుళ్లిన క్యాబేజీ కంపు కొట్టే డైమిథైల్ సల్ఫైడ్ విడుదలవుతుంది.

ఇది రుజువు కాదు, బలమైన పోలిక. ఏడెనిమిది వందల ఏళ్ల కిందట ఐస్‌లాండ్ నీళ్లలో తిమింగలం ఎలా మేసిందో ఇప్పుడు చూసి రాలేం. ఇన్నాళ్లూ ఈ అలవాటు ఎందుకు కంటపడలేదన్న ప్రశ్నకు మాత్రం ఓ జవాబుంది. వేట వల్ల తిమింగలాలు బాగా తగ్గిపోయాయి. నిషేధాల తర్వాత చాలాచోట్ల మళ్లీ పెరిగాయి, వాటి మీద ఎగరడానికి డ్రోన్లూ వచ్చాయి. వాంకోవర్ దీవి దగ్గర ఈ పద్ధతి ఒకదాన్ని చూసి మరొకటి నేర్చుకున్నట్టే వ్యాపించింది. అలా నేర్చుకునే విద్యే అయితే, నేర్పే పెద్దలు హార్పూన్లకు బలైనచోట అది మధ్యలో తెగిపోయి కూడా ఉండొచ్చు.