అభ్యర్థుల నేరచరిత్రయు ఆచార్యుల లెక్కలును

ఢిల్లీనగరమున గోల్ డాక్‌ఖానానుండి ఇండియా గేటు దిక్కునకు సాగు అశోకా రోడ్డు తెలుగువారికి ఆంధ్రాభవన్ భోజనశాల వలననే ఎక్కువ పరిచితము. ఆ వీధిలోనే భారత ఎన్నికల సంఘపు కార్యాలయమైన నిర్వాచన్ సదన్ కలదు. ఎన్నికలలో నిలుచువారు తమపై గల నేరాభియోగములను ప్రమాణపత్రమున వెల్లడింపవలెనను ఆజ్ఞ 2002 జూన్ 28న ఈ సంఘమునుండియే వెలువడినది. ఏ రాజకీయపక్షమును దానిని కోరియుండలేదు. అహ్మదాబాదు మేనేజిమెంటు విద్యాసంస్థకు చెందిన కొందరు ఆచార్యులు దానికి కారకులైరి.

విషయము అంతకు ముందే తెలియనిది కాదు. నేరస్థులకును రాజకీయులకును గల పొత్తును గూర్చి వోరా సంఘము 1993లోనే నివేదిక నిచ్చినది. 1996 లోక్‌సభ ఎన్నికలలో పోటీచేసినవారిలో సుమారు 1,500 మందికి నేరచరిత్ర కలదని ఎన్నికల కమిషనరుగా నుండిన తెలుగువారు జి.వి.జి. కృష్ణమూర్తి 1997లో ప్రకటించిరి. న్యాయమూర్తి బి.పి. జీవన్‌రెడ్డి అధ్యక్షతను లా కమిషను 1999లో తన 170వ నివేదికలో సంస్కరణములను సూచించినది. నివేదికలు బీరువాలు చేరుట మన దేశమున వింత కాదు. త్రిలోచన్ శాస్త్రి, జగదీప్ ఛోకర్ మున్నగు ఆచార్యులు ఆ నివేదికనే ఆధారముగా గైకొని 1999లో ఢిల్లీ హైకోర్టు నాశ్రయించిరి. 2000 నవంబరులో వారికి అనుకూలముగా తీర్పు వచ్చినది. కేంద్రప్రభుత్వము అప్పీలు చేసినది. 2002 మే 2న సుప్రీంకోర్టు ఓటరుకు అభ్యర్థి పూర్వచరిత్ర నెరుగు హక్కు కలదని నిర్ణయించినది.

పిమ్మట జరిగినది విచిత్రము. పార్లమెంటున పరస్పరము పడని పక్షములన్నియు ఈ ఒక్క విషయమున ఏకమైనవి. ప్రభుత్వము ఆర్డినెన్సు సిద్ధపరచగా రాష్ట్రపతి అబ్దుల్ కలాం దానిని ఒకమారు త్రిప్పిపంపిరి. మరల పంపగా సంతకము చేయక తప్పలేదు. న్యాయస్థానము లేమి చెప్పినను చట్టమున లేని సమాచారము నీయనక్కరలేదను 33బి విభాగము ఆ విధముగా పుట్టినది. 2003 మార్చి 13న సుప్రీంకోర్టు దానిని కొట్టివేసినది. ధర్మాసనమందలి న్యాయమూర్తి పి. వేంకటరామరెడ్డి ప్రత్యేకముగా తీర్పు వ్రాయుచు, ఓటరు హక్కును అంగీకరించియు, దాని పరిధిని నిర్ణయించుటలో శాసనకర్తలకు కొంత స్వేచ్ఛ యుండవలెననిరి. ఆ మాట తేలికగా త్రోసివేయదగినది కాదు.

ఆచార్యులు స్థాపించిన ప్రజాస్వామ్య సంస్కరణల సంఘము నాటినుండి ప్రతి ఎన్నికయందును ప్రమాణపత్రములను చదివి లెక్కలు కట్టుచున్నది. పత్రికలు ఆ లెక్కలనే అచ్చువేయును, ప్రతిపక్షములు వానినే వేదికలపై చదువును. వాని ప్రకారము కేసులు గల లోక్‌సభ సభ్యులు 2004లో నూటికి 24 మంది, 2009లో 30 మంది, 2014లో 34 మంది, 2019లో 43 మంది. 2024లో 543 మందిలో 251 మంది, అనగా నూటికి 46 మంది.

ఈ అంకెలను చదువుటలో జాగ్రత్త వలయును. కేసు వేరు, శిక్ష వేరు. ధర్నాలో కూర్చున్నవానిపై పెట్టిన కేసును, హత్యాభియోగమును ఒకే గాట కట్టిన లెక్క ప్రజలను తప్పుదారి పట్టించును. అందుచేతనే ఆ సంఘము తీవ్రాభియోగములను వేరుగా గణించుచున్నది. ఐనను పత్రికాశీర్షికలలో తరచు మొత్తము సంఖ్యయే నిలుచును.

ఇంతకంటె గడ్డుప్రశ్న మరొకటి కలదు. ఓటరు తెలియక అట్టివారి నెన్నుకొనుచున్నాడనియు, తెలిసినచో తిరస్కరించుననియు ఆచార్యులు తలచిరి. అవే ప్రమాణపత్రముల నాధారముగా గొని మిలన్ వైష్ణవ్ అను రాజనీతిశాస్త్ర పరిశోధకుడు 2017లో ప్రకటించిన గ్రంథము ఆ తలంపునకు అడ్డు తగిలినది. 2004, 2009, 2014 ఎన్నికలలో తీవ్రాభియోగములు గల అభ్యర్థులు నూటికి 18 మంది గెలువగా, కేసులు లేనివారు నూటికి 6 మందియే గెలిచిరి. రాజ్యవ్యవస్థ పని చేయని చోట, పని జరిపింపగల బలశాలిని ఓటరు తెలిసియే కోరుననియు, ఎన్నికల వ్యయము పెరిగిన కొలది స్వంతధనము గల అట్టివారినే పక్షములు ఆహ్వానించుననియు అతని నిర్ణయము. ఇది సత్యమైనచో ఠాణాయు, కచ్చేరియు, కోర్టును సక్రమముగా నడచువరకు ప్రమాణపత్రము చేయగలది స్వల్పమే.

2020 ఫిబ్రవరి 13న సుప్రీంకోర్టు మరొక మెట్టు ముందుకు పోయినది. కేసులు గలవారిని ఏల నిలిపిరో పక్షములు ప్రకటింపవలెను. గెలువగలడనుట మాత్రమే కారణముగా చెల్లదు. ఆ సంవత్సరమే జరిగిన బీహారు శాసనసభ ఎన్నికలలో ఈ ఆజ్ఞను సరిగా పాటింపనందుకు 2021 ఆగస్టులో కొన్ని పక్షములకు న్యాయస్థానము జరిమానా విధించినది. పక్షములు చూపిన కారణములలో తరచు కనబడినవి అభ్యర్థి ప్రజాదరణయు, అతడు చేసిన సంఘసేవయు.