సెప్సిస్ రోగికి ఏ మత్తుమందు? ఐసీయూలో ఎంపిక ఎలా జరుగుతుంది

వర్షాకాలం వచ్చిందంటే సూరత్, నవసారి, వల్సాడ్ జిల్లాల్లో లెప్టోస్పైరోసిస్ భయం మొదలవుతుంది. వరి మళ్లలో, చెరకు తోటల్లో నీళ్లలో నిలబడి పనిచేసేవారికి ఎలుకల మూత్రంతో కలుషితమైన నీటి ద్వారా ఈ బ్యాక్టీరియా సోకుతుంది. చాలామందికి జ్వరంతోనే తగ్గిపోతుంది. కొందరికి మాత్రం కిడ్నీలు, కాలేయం దెబ్బతిని, ఊపిరితిత్తుల్లో రక్తస్రావమై పరిస్థితి వెంటిలేటర్ దాకా వెళ్తుంది. అలాంటి రోగిని నిద్రపుచ్చడానికి ఏ మందు వాడాలన్నది పైకి చిన్న ప్రశ్నలా కనిపిస్తుంది. కానీ రోగి ఎన్ని రోజులు వెంటిలేటర్‌పై ఉంటాడు, ఎలాంటి మనసుతో ఇంటికి వెళ్తాడు అన్నది కొంతవరకు దానిపైనే ఆధారపడుతుంది.

సెప్సిస్ అంటే

ఇన్ఫెక్షన్‌ను ఎదుర్కొనే క్రమంలో శరీర స్పందన అదుపు తప్పి, సొంత అవయవాలనే దెబ్బతీసే స్థితిని సెప్సిస్ అంటారు. 2016లో ఖరారైన అంతర్జాతీయ నిర్వచనం సారాంశం ఇదే. 2017లో ప్రపంచవ్యాప్తంగా సుమారు 4.89 కోట్ల సెప్సిస్ కేసులు, 1.1 కోట్ల మరణాలు సంభవించాయని అంచనా. న్యుమోనియా, మూత్రనాళ ఇన్ఫెక్షన్, పేగుకు రంధ్రం పడటం, కాన్పు తర్వాతి ఇన్ఫెక్షన్ వంటివన్నీ దీనికి దారితీయవచ్చు.

మత్తు ఎందుకు, ఎంత?

గొంతులో గొట్టం ఉంటే నొప్పి, దగ్గు, భయం తప్పవు. రోగి గొట్టాన్ని లాగేసుకోవచ్చు, వెంటిలేటర్‌కు ఎదురు శ్వాస తీసుకోవచ్చు. అందుకే మత్తు అవసరమవుతుంది. అయితే నొప్పిని మత్తుతో కప్పిపుచ్చకూడదు. ముందు ఫెంటానిల్ వంటి నొప్పి మందు ఇచ్చి, ఆ తర్వాత కూడా అవసరమైతేనే మత్తు ఇవ్వాలన్నది ఇప్పటి పద్ధతి.

ఒకప్పుడు వెంటిలేటర్ రోగిని గాఢనిద్రలో ఉంచడమే దయ అనుకునేవారు. 2000లో షికాగో వైద్యులు 128 మంది రోగులపై చేసిన పరిశోధన ఈ ఆలోచనను మార్చింది. రోజుకోసారి మత్తు ఆపి రోగిని మేల్కొలిపిన బృందం వెంటిలేటర్‌పై సగటున 4.9 రోజులు ఉంటే, రెండో బృందం 7.3 రోజులు ఉంది. మత్తు లోతును కొలవడానికి రాస్ అనే స్కేల్ వాడతారు. తీవ్రమైన అలజడికి +4, ఏ స్పందనా లేకపోతే -5. ఎక్కువమందిని -2 నుంచి +1 మధ్య, అంటే పిలిస్తే కళ్లు తెరిచే స్థితిలో ఉంచడం లక్ష్యం. బోర్లా పడుకోబెట్టి, కండరాలు సడలించే మందు ఇవ్వాల్సిన తీవ్ర ఊపిరితిత్తుల వైఫల్యంలోనూ, ఆగని మూర్ఛలోనూ గాఢమైన మత్తు తప్పదు.

ఏ మందు ఏం చేస్తుంది?

మిడజోలం: చవక, అన్నిచోట్లా దొరుకుతుంది, బీపీని ప్రొపోఫాల్ అంతగా తగ్గించదు. చిక్కంతా దాన్ని ఆపాక వస్తుంది. కాలేయంలో విరిగిన తర్వాత కూడా దాని అవశేషానికి మత్తు గుణం ఉంటుంది. కిడ్నీలు పనిచేయకపోతే అది ఒంట్లోనే పేరుకుపోతుంది. లెప్టోస్పైరోసిస్‌లో కిడ్నీ, కాలేయం రెండూ దెబ్బతింటాయి కాబట్టి, మందు ఆపి రోజులు గడిచినా రోగి లేవకపోవచ్చు. పైగా ఈ తరగతి మందులతో డెలీరియం ముప్పు ఎక్కువ. పాతకాలం వాళ్లు సంధి అనే స్థితి ఇదే: రోగి తికమకపడతాడు, లేనివి చూస్తాడు, మనుషులను పోల్చుకోలేడు.

ప్రొపోఫాల్: పాలలా తెల్లగా ఉండే మందు. త్వరగా పనిచేస్తుంది, ఆపితే త్వరగా దిగుతుంది. రక్తనాళాలను సడలించి బీపీని పడగొడుతుంది. నోర్‌అడ్రినలిన్‌తో బీపీ నిలబెడుతున్న రోగికి ఇది పెద్ద లోపమే. నూనె ఆధారిత మందు కాబట్టి రక్తంలో ట్రైగ్లిజరైడ్లు పెరగవచ్చు. అందులో సూక్ష్మజీవులు సులువుగా పెరుగుతాయి, అందుకే సీసాను, గొట్టాలను 12 గంటలకోసారి మార్చాలి. కిలో బరువుకు గంటకు 4 మి.గ్రా. మించి 48 గంటలకు పైగా ఇస్తే, అరుదుగానైనా గుండెను, కండరాలను దెబ్బతీసే ప్రమాదకర స్థితి రావచ్చు.

డెక్స్‌మెడిటమిడిన్: సహజ నిద్రకు దగ్గరగా ఉండే మత్తు. పిలిస్తే రోగి లేస్తాడు. శ్వాసను పెద్దగా అణచదు. గుండె వేగాన్ని, బీపీని తగ్గిస్తుంది. గాఢ మత్తు కావాల్సిన చోట ఇదొక్కటే చాలదు.

కెటమిన్: నొప్పి తగ్గిస్తుంది, సాధారణంగా బీపీని నిలబెడుతుంది. చాలాసేపు షాక్‌లో ఉండి శరీరంలోని నిల్వలు అడుగంటిన రోగిలో మాత్రం బీపీ పడిపోవచ్చు.

ఎటోమిడేట్: గొట్టం వేసే క్షణంలో బీపీని కదిలించదు. అయితే ఒక్క డోసే అడ్రినల్ గ్రంథిలో కార్టిసాల్ తయారీని ఒకటి రెండు రోజులు అణచగలదు. సెప్సిస్‌లో ఆ హార్మోను అవసరం ఎక్కువ. అందుకే దీన్ని డ్రిప్‌గా వాడరు, ఒక్క డోసు విషయంలోనూ వాదన తెగలేదు.

పరిశోధనలు ఏం తేల్చాయి?

డెక్స్‌మెడిటమిడిన్‌పై ఆశలు పెంచింది 2010లో వచ్చిన చిన్న విశ్లేషణ. లోరజెపాంతో పోల్చినప్పుడు 63 మంది సెప్సిస్ రోగుల్లో ఫలితాలు మెరుగ్గా కనిపించాయి. పెద్ద పరిశోధనలు ఆ ఆశను తగ్గించాయి. 2019లో దాదాపు 4,000 మందితో వెలువడిన స్పైస్-3లో, ఈ మందు మొదటి నుంచీ ఇచ్చినవారిలోనూ సాధారణ చికిత్స పొందినవారిలోనూ 90 రోజుల మరణాలు 29.1 శాతమే. సెప్సిస్ రోగులపైనే జరిగిన మెండ్స్-2, 2021లో, 432 మందిలో దీన్ని ప్రొపోఫాల్‌తో పోల్చింది. స్పృహతో, డెలీరియం లేకుండా గడిపిన రోజులు 10.7, 10.8. 90 రోజుల మరణాలు 38, 39 శాతం. తేడా లేనట్టే. స్పైస్-3 సమాచారం ఆధారంగా, 65 ఏళ్లు, అంతకంటే తక్కువ వయసువారిలో మరణాల ముప్పు పెరగవచ్చని 2022లో ఐరోపా ఔషధ సంస్థ హెచ్చరించింది.

2018 అంతర్జాతీయ మార్గదర్శకాలు మిడజోలం తరగతి కంటే ప్రొపోఫాల్ లేదా డెక్స్‌మెడిటమిడిన్ మేలన్నాయి. ఆ రెండింటిలో ఒకటి ఎంచుకోవడం రోగిని బట్టి ఉంటుంది. బీపీ ఎలా ఉంది, గుండె వేగం ఎంత, కిడ్నీలు నడుస్తున్నాయా, మత్తు ఎంత లోతుగా కావాలి అన్నవే కొలమానాలు. మందు పేరు కంటే దాన్ని ఎంత తేలికగా ఇస్తున్నారు, రోజూ ఎంత తగ్గిస్తున్నారు అన్నదే ఎక్కువ ముఖ్యమని ఈ పరిశోధనలన్నీ కలిపి చూస్తే అర్థమవుతుంది.

భాష కూడా చికిత్సే

తేలిక మత్తుకు ఒక షరతు ఉంది. రోగితో మాట్లాడాలి. డెలీరియం ఉందో లేదో చూసే పరీక్షలో రోగి చెప్పిన అక్షరం వినగానే నర్సు చేయి నొక్కాలి, చిన్న ప్రశ్నలకు తల ఊపాలి. సూరత్ మరమగ్గాలపై తెలంగాణ నుంచి వెళ్లిన పద్మశాలీ కుటుంబాలు తరాలుగా బతుకుతున్నాయి. లింబాయత్ వంటి ప్రాంతాల్లో తెలుగు వినిపిస్తుంది. అక్కడి నేతకార్మికుడు ఐసీయూలో సగం మత్తులో కళ్లు తెరిస్తే వినిపించేది గుజరాతీ, హిందీ. ఆరోగ్యంగా ఉన్నప్పుడు ఆ భాషలు వచ్చినా, ఆ స్థితిలో అర్థం కాకపోవచ్చు. జవాబు రాకపోతే డెలీరియం అనుకునే అవకాశం ఉంది, అలజడి పడితే మత్తు పెంచే అవకాశమూ ఉంది. కాబట్టి ఇంటివాళ్లలో ఒకరు పక్కన నిలబడి సొంత భాషలో "ఆసుపత్రిలో ఉన్నావు, గొట్టం వల్ల మాట రావట్లేదు, మేమిక్కడే ఉన్నాం" అని చెప్పడం పనికొచ్చే సాయం. రోగి కళ్లజోడు, వినికిడి యంత్రం తెచ్చివ్వడం కూడా అలాంటిదే.

కుటుంబం అడగదగ్గ ప్రశ్నలు

ఇస్తున్న మత్తుమందు ఏది, ఎందుకు? ఈరోజు దాన్ని తగ్గించి చూశారా, చూడకపోతే కారణమేమిటి? నొప్పికి విడిగా మందు ఇస్తున్నారా? కిడ్నీల పరిస్థితిని బట్టి మోతాదు మార్చారా? ఈ ప్రశ్నలు వైద్యుడిని తప్పుపట్టడానికి కావు. మందు ఖరీదైనదా చవకైనదా అన్నదానికంటే ఇవే ముందు అడగాల్సినవి. మిడజోలం తప్ప వేరే మందు అందుబాటులో లేని చిన్న ఆసుపత్రిలో కూడా, కొద్ది మోతాదులో ఇచ్చి, రోజూ ఆపి చూస్తూ, రోగిని పేరుపెట్టి పిలిస్తే జరిగే నష్టాన్ని చాలావరకు తగ్గించవచ్చు.