లిన్నేయస్‌కు ముందు యూరప్‌లో మొక్కల వర్గీకరణ

యూరప్‌లో మొక్కల వర్గీకరణ చరిత్రను థియోఫ్రాస్టస్‌తో మొదలుపెట్టి, డయాస్కొరిడీస్ ఔషధ గ్రంథం మీదుగా, 16వ శతాబ్దపు బొమ్మల పుస్తకాలను ప్రశంసించి, 1753లో లిన్నేయస్ వెలువరించిన 'స్పీసీస్ ప్లాంటారమ్' దగ్గర ముగించడం పరిపాటి. ఈ కథనంలో అచ్చుబొమ్మకు దక్కిన ఘనత ఎండబెట్టిన మొక్కకు దక్కలేదు.

బొమ్మల గొప్పతనాన్ని కాదనడానికి లేదు. 1530లో స్ట్రాస్‌బర్గ్‌లో వెలువడిన బ్రూన్‌ఫెల్స్ గ్రంథానికి హాన్స్ వైడిట్స్ మొక్కను ఎదుట పెట్టుకుని, వాడిన ఆకును వాడినట్టే, చిరిగిన అంచును చిరిగినట్టే గీశాడు. అయితే ఆ బొమ్మల పక్కన బ్రూన్‌ఫెల్స్ చేర్చినవి చాలావరకు పూర్వ వైద్యుల మాటలే. 1542లో ఫుక్స్ సుమారు 500 మొక్కలను కనువిందుగా అచ్చువేయించి కూడా గ్రీకు అక్షరక్రమంలోనే పేర్చాడు. పోలికలను బట్టి మొక్కలను దగ్గర చేర్చే ప్రయత్నం, 1539లో బొమ్మలు లేకుండానే తొలి ముద్రణ పొందిన బాక్ జర్మన్ గ్రంథంలో కనిపించడం గమనార్హం.

అసలు మలుపు ఇటలీలో వచ్చింది. మొక్కలను కాగితాల మధ్య నొక్కి, ఆరబెట్టి, అతికించి భద్రపరిచే పద్ధతిని వృక్షశాస్త్ర బోధకుడు లూకా ఘీనీ శిష్యులకు నేర్పాడు. ఇలాంటి సంచయాన్నే నేడు హెర్బేరియం అంటున్నారు. వేర్వేరు ప్రాంతాల్లో, వేర్వేరు ఋతువుల్లో పూసే మొక్కలను ఒకే బల్లపై పక్కపక్కన పెట్టి పోల్చడం దీనివల్లనే సాధ్యపడింది. ఆయన శిష్యుడు చెసల్పీనో 1563లో కూర్చిన 768 మొక్కల సంచయం నేటికీ ఫ్లోరెన్స్‌లో ఉంది. ఇరవై ఏళ్ల తరువాత, 1583 నాటి గ్రంథంలో, అతడు ఔషధ గుణాలను పక్కనబెట్టి కాయ, గింజల నిర్మాణాన్ని వర్గీకరణకు ఆధారం చేశాడు. దీనికి హెర్బేరియం ఒక్కటే కారణమనడం అతిశయోక్తి అవుతుంది. అరిస్టాటిల్ తర్కం మీద అతడికున్న నిష్ఠ, పీసా వృక్షశాస్త్ర తోటలోని సజీవ మొక్కల పరిచయం కూడా అందులో పనిచేశాయి. పైగా ఒక్క లక్షణాన్నే పట్టుకోవడంతో కొన్ని సహజ కుటుంబాలు చీలిపోయాయి.

బాసెల్‌లో పెద్ద హెర్బేరియం కూర్చుకున్న కాస్పర్ బాహిన్, 1623 నాటి 'పినాక్స్'లో సుమారు 6,000 మొక్కలకు పూర్వ రచయితలు పెట్టిన పేర్లను సమన్వయించాడు. అతడు వాడిన పేర్లలో రెండు మాటలవి అనేకం ఉన్నా, అవి నియమబద్ధం కావు. ఆ నియమం లిన్నేయస్‌దే. ప్రధానంగా కేసరాల ఆధారంగా లిన్నేయస్ కట్టిన 24 తరగతులు మాత్రం నిలవలేదు.

నేటి డీఎన్‌ఏ వర్గీకరణ వంశసంబంధాలను తేల్చడంలో పూర్వ పద్ధతులకన్నా దృఢమైనదే. కానీ ఆ డీఎన్‌ఏ ఏ మొక్కదో తరువాతివారు సరిచూసుకోవాలంటే ఎండిన నమూనా ఉండాలి. 2024లో అమెరికాలోని డ్యూక్ విశ్వవిద్యాలయం సుమారు 8,25,000 నమూనాలున్న తన హెర్బేరియంను మూసి, వాటిని ఇతర సంస్థలకు తరలించాలని నిర్ణయించడం అందుకే ఆందోళనకరం. నమూనాలు నశించకపోయినా, చెదిరిపోతే వాటిని పక్కపక్కన పెట్టి చూసే వీలూ, అలా చూడటం నేర్పే గురువులూ తగ్గిపోతారు.