ఆవము పదుగురి విద్య

“కుమ్మరికి ఒక యేడు, గుదియకు ఒక పెట్టు” అను సామెత నెఱుగని తెలుగువారుండరు. ఏడాది కష్టము ఒక్క దెబ్బతో నాశనమగునని దాని భావము. అయితే కుండకు గుదియకంటె ముందుగా నెదురుపడు పరీక్ష యొకటి కలదు. అది నిప్పు. చెరువుమన్ను తెచ్చి, నానవేసి, త్రొక్కి, సారెపై నెత్తి, చెక్కతో తట్టి, నీడ నార్చిన పచ్చికుండలు నూఱైనను ఇన్నూఱైనను ఒక్క రాత్రి ఆవములో కుండలుగానో పెంకులుగానో తేలిపోవును. సారె తిప్పుట యెఱిగి నిప్పు నడుపుట యెఱుగనివాడు సగము కుమ్మరి మాత్రమే యని మా యభిప్రాయము. ఆ రెండవ సగము మన యిండ్లనుండి జాఱిపోవుచున్నది. కావున దాని చరిత్రను ఈ మహాసభా సంచికయందు కులబంధువులకును పోషకులకును విన్నవింప బూనితిమి.

మన కులచరిత్రలను వ్రాయువారు సామాన్యముగా శాలివాహనుని కథతో ప్రారంభింతురు. ప్రతిష్ఠానపురమున కుమ్మరియింట పెరిగిన బాలుడు మట్టిబొమ్మలకు ప్రాణము పోసి సేనగా నడిపించెనను ఆ కథ మనకు గర్వకారణమే. రామాయణమును తెలుగున రచించిన మొల్లను తలపని కుమ్మరిసభ లేదు. తిరుమల స్వామికి మట్టిపూవులర్పించిన కుమ్మరి భక్తుని కథయు, నేటికిని అచ్చట పగిలిన క్రొత్తకుండలో పెరుగన్నము నివేదనమగుటయు అందఱెఱిగినవే. ఇవి మన గౌరవమును చెప్పును. మన పనిని చెప్పవు. పనిని చెప్పు సాక్ష్యము భూమిలో నున్నది.

ప్రజలు రాకాసిగుళ్లని పిలుచు ప్రాచీన సమాధులను త్రవ్వినప్పుడు ఎఱుపును నలుపును కలిసిన కుండలు బయటపడుచున్నవి. లోపలను అంచునను నలుపు, వెలుపలి క్రిందిభాగమున ఎఱుపు. ఆ రంగులు చేతితో వేసినవి కావు, నిప్పు వేసినవి. ఇనుము గల మన్ను గాలి తగులుచు కాలినచో ఎఱ్ఱనగును. గాలి యందక పొగలో కాలినచో నల్లనగును. కుండలను బోర్లించి, లోపలికి గాలి చొరకుండ పేర్చి కాల్చుటచేత ఒకే కుండకు రెండు రంగులు వచ్చెనని పలువురు పండితుల యభిప్రాయము. నాగార్జునకొండ లోయలోను ఇట్టి సమాధులు దొరకినవి. 1947లో మార్టిమర్ వీలరు కన్నడసీమలోని బ్రహ్మగిరియందు త్రవ్వకములు జరిపి, రాకాసిగుళ్ల కాలమునకు తరువాతి పొరలో చిక్కిన, ఎఱ్ఱపూతయు తెల్లని గీతలును గల పాత్రలకు ‘ఆంధ్ర’ నామమునే యొసంగెను. అక్షరము వ్రాయనేర్వని కాలమునందే గాలిని ఎప్పుడు విడువవలెనో, ఎప్పుడు కట్టవలెనో మన దేశపు కుమ్మరులెఱుగుదురని దీనివలన తేలుచున్నది.

ఇక గ్రంథసాక్ష్యము. శతపథబ్రాహ్మణమున అగ్నిచయనమునకు వలయు ఉఖ యను మట్టిపాత్రను చేయువిధము సవిస్తరముగా చెప్పబడినది. మంటిలో మేకవెండ్రుకలు కలుపుట, నలుచదరపు గుంట త్రవ్వి అందు కట్టెలు పేర్చి కాల్చుట, కాలిన పాత్రపై మేకపాలు పోయుట అందు కలవు. మంత్రములను తీసివైచి చూచినచో అది కుమ్మరిపనియే. మంటిలోని నారు పగుళ్ల నాపును. వేడిపాత్రపై పోసిన పాలు సన్నరంధ్రములను మూయును. ఋషులు యజ్ఞమునకు గైకొన్నది ఆవము చుట్టు పుట్టిన యెఱుకయే.

కుమ్మరుల ఐకమత్యమునకు శిలాసాక్ష్యమును కలదు. క్రీస్తు తరువాత 3వ శతాబ్దమున ఆభీరరాజగు ఈశ్వరసేనుని కాలమున, విష్ణుదత్త యను ఉపాసిక నాసికలోని గుహావిహారమందలి రోగులగు భిక్షువుల మందులకై గోవర్ధనమందలి శ్రేణులయొద్ద శాశ్వతనిధి నుంచెను. అందు కులరికుల శ్రేణి చేతికిచ్చినది 1,000 కార్షాపణములు. నూనె తీయువారి శ్రేణికిచ్చినది 500. కులరికులన కుమ్మరులేయని పండితులు చెప్పుదురు. ఆ సొమ్ము ఒక్క కుమ్మరిని నమ్మి యిచ్చినది కాదు. శ్రేణిని నమ్మి యిచ్చినది. మనుష్యుడు పోయినను శ్రేణి నిలుచునని ఆ యిల్లాలికి తోచినది.

ఆవమును చూచినవారికి ఈ ఒద్దిక యెట్లు పుట్టెనో వేఱుగ చెప్పనక్కఱలేదు. సారె ఒకనిది, ఆవము పదుగురిది. ఒక యింటి కుండలు చాలనపుడు నాలుగిండ్ల కుండలు కలిపి పేర్తురు. ఒకరు పిడకలు పఱతురు. ఒకరు కట్టెలు సర్దుదురు. అనుభవము గల చేయి పెద్దకుండలను అడుగునను చిన్నవానిని సందులయందును పేర్చును. పైన ఎండుగడ్డి కప్పి, బురద మెత్తి, పొగ పోవుటకు రంధ్రములు విడుతురు. పిదప రాత్రియంతయు కావలి.

ఈ కావలియందే విద్య యున్నది. మొదటి మంట సన్నగా నుండవలెను. కుండలో మిగిలిన తడి 100 డిగ్రీల వేడిమి చేరులోపల మెల్లగా పోవలెను. తొందరపడినచో ఆవిరి కుండను చీల్చును. 500 మొదలు 600 డిగ్రీల నడుమ మంటిలో కలిసియున్న నీరు విడిపోయి మన్ను మన్నుతనమును కోల్పోవును. ఇక నది నీటిలో కరగదు. 573 డిగ్రీల యొద్ద ఇసుకలోని స్ఫటికము ఒక్కసారిగా ఉబ్బును. చల్లారునపుడు అచ్చటనే మరల ముడుచుకొనును. కావుననే వేడి యెక్కుటయు దిగుటయు మెల్లగా జరుగవలెను. 700 మొదలు 900 డిగ్రీల నడుమ మన యెఱ్ఱకుండ పక్వమగును. మన పెద్దలకు ఈ యంకెలు తెలియవు. పొగ తెలుపు తిరుగుట, రంధ్రములో కనబడు ఎఱుపు చిక్కబడుట, పెట్టిన చేతికి తగులు సెగ, ఇవి వారి కొలతలు. అంకె కంటికి సాయము కాగలదు గాని, కంటికి బదులు కాజాలదు.

ఇట్టి విద్య పుస్తకమున నేర్చునది కాదు. పూర్వము పిల్లవాడు పిడకలందించుచు, మఱియొక యేడు గడ్డి కప్పుచు, ఇంకొక యేడు రాత్రి కావలి కూర్చుండుచు నేర్చెడివాడు. వాడలో ఆవము తఱచుగా మండుచుండుటచే బడి మూయబడెడిది కాదు. ఇత్తడి, అల్యూమినియము, స్టీలు, ప్లాస్టిక్కు ఒకదాని వెనుక నొకటి వంటయింట చేరగా కుండల కూలి తగ్గెను. యువకులు పట్టణములకు పోయిరి. పెండ్లికి ఐరేనికుండలును, బోనాలకు బోనపుకుండలును, వేసవికి నీటికుండలును మాత్రము నిలిచినవి. ఏడాదికి నాలుగు మాఱులు మండు ఆవమునొద్ద పిల్లవాడు నేర్చుటకు నలువదేండ్లు పట్టును. నేర్పువాడు అంతకాలముండడు.

ప్రభుత్వములు ఊరకున్నవని మేము చెప్పము. 1934లో గాంధీమహాత్ముడు అఖిలభారత గ్రామ పరిశ్రమల సంఘమును వార్ధాలో స్థాపించి, జె. సి. కుమారప్పగారి చేత నడిపించెను. తరువాత ఖాదీ గ్రామపరిశ్రమల కమిషను ఏర్పడినది. బెళగావి జిల్లా ఖానాపురమున కుంభకారశిక్షణకు దాని సంస్థ కలదు. 2018 మొదలు ఆ కమిషను కుమ్మరులకు కరెంటు సారెల నిచ్చుచున్నది. 2023 సెప్టెంబరు 17న ప్రారంభమైన పి.ఎం. విశ్వకర్మ పథకము 18 వృత్తులలో కుమ్మరివృత్తిని చేర్చి, 5 మొదలు 7 దినముల ప్రాథమిక శిక్షణమును, దినమునకు 500 రూపాయల భత్యమును, పనిముట్లకు 15,000 రూపాయల సాయమును ఏర్పఱచినది. ఇవి మేలే. అయితే కరెంటు సారెపై నూఱు కుండలు చేయువాడు ఆవములో ముప్పది పోగొట్టుకొన్నచో వానికి వచ్చిన లాభమేమి? సారె వేగము పెరిగినకొలది నిప్పు తప్పుకు నష్టమును పెరుగును. సారె నొక్కొక్కనికి పంచిపెట్టవచ్చును. నిప్పు నట్లు పంచిపెట్టుటకు వీలులేదు. అది కూడి నేర్వవలసినది.

కావున మేము ఈ మహాసభకు చేయు విన్నప మొక్కటి. ప్రతి జిల్లాసంఘమును ఏటేట వానలు వెలిసిన పిమ్మట ఏడు దినముల ఆవపుశిక్షణము నడుపవలెను. యువకులు తాము చేసి యార్చిన కుండలతో రావలెను. మొదటి దినము పెద్దలు ప్రతికుండను చేతబట్టి తడి యెంత గలదో చూపవలెను. రెండవ దినము వంటచెఱకు సిద్ధపఱచి, మూడవ దినము పేర్పు ముగించి, సాయంకాలమున సన్నమంట పెట్టవలెను. ఆ రాత్రి ఎవ్వరును నిద్రపోరాదు. నాలుగు, ఐదు దినములు ఆవమును తాకక చల్లారనీయవలెను. ఓర్పు కూడ పాఠమే. ఆఱవ దినము విప్పవలెను.

ఏడవ దినము ముఖ్యమైనది. పగిలినవానిని పాఱవేయక వరుసగా పెట్టి లెక్కింపవలెను. పొట్టులూడి పేలినవి తడితో పోయినవి. సన్నని పదునైన గీతతో చీలినవి చల్లగాలి సోకి పోయినవి. తట్టిన మొద్దుగా మ్రోగునవి చాలని మంటవి. ఒఱగి వంగినవి మించిన మంటవి. ఆవము దిగినపుడు బాగుగా నుండి, కొన్నాళ్లకు చుక్కలు చుక్కలుగా పెచ్చులూడునవి మంటిలోని సున్నపురాళ్లచే చెడినవి. ఏ కుండ యెందుకు పోయెనో చెప్పగలిగిన యువకుడు మరుసటి యావమున దానిని పోనీయడు. పెంకులే మన పాఠ్యపుస్తకములు.

దీనికి వలయు ధనము గొప్పది కాదు. చెరువుమన్ను, పిడకలు, కట్టెలు, ఊరివెలుపల నొక బయలు, వచ్చిన పెద్దలకు భోజనము, వారి విద్యకు తగిన గౌరవవేతనము చాలును. పోషకులు అద్దాల పెట్టెలో కుండ నుంచి మనలను సన్మానించుటకంటె ఒక యావమునకు వంటచెఱకు నిచ్చుట మనకు మేలు. నాడు నాసికలో ఒక యుపాసిక కుమ్మరి శ్రేణిని నమ్మి వేయి కార్షాపణములుంచెను. నేడు మన శ్రేణి తన పెద్దల చేతులను తాను నమ్మి, వారు జీవించియుండగనే ఒక్కొక్క జిల్లాలో నొక్కొక్క యావమును మండింపవలెనని కోరుచున్నాము.